రొయ్యల ల్యాబ్ లింకులో ఒక్క అంకె మారిస్తే పక్కవాళ్ల రిపోర్టు వస్తోంది. చెప్పినా వినట్లేదు. బయటపెట్టమంటారా?

మైపాడు రోడ్డు అడిగారు:

కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఆరేళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి, నాన్న మోకాళ్లు పనిచేయక ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. ఇందుకూరుపేట మండలంలో మాకు మూడు రొయ్యల గుంటలు. అన్నీ కలిపి ఐదెకరాలు, అందులో రెండు లీజువి. వేసేది వెనామీ రకం రొయ్య.

మా వైపు రైతులు వారానికో పది రోజులకో నీళ్లూ రొయ్యలూ కవర్లలో పట్టుకుని ల్యాబ్‌కి పోతారు. ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా చూస్తారు. అనుమానం తగిలితే పీసీఆర్ చేయిస్తాం, తెల్లమచ్చ వైరస్ ఉన్నదీ లేనిదీ తేలేది దాంట్లోనే. నేను పోయే ల్యాబ్ పేరు ఇక్కడ రాయను. పోయినేడు నుంచి వాళ్లు కాగితం ఇవ్వడం మానేసి వాట్సాప్‌లో లింకు పంపుతున్నారు. నొక్కితే రిపోర్టు. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు.

ఆ రోజు మంగళవారం. తెల్లారి ఐదున్నరకి మోటారు షెడ్డు దగ్గర నిలబడి ఫోన్ చూస్తున్నా. మూడు గుంటల నమూనాలు ఒకేసారి ఇచ్చాను, లింకులు మాత్రం రెండే వచ్చాయి. ఒకటి చివర 41, రెండోదాని చివర 42. మూడోది పంపడం మర్చిపోయారనుకుని 42 తీసి 43 కొట్టా. ఇక్కడిదాకా నా మనసులో ఏ పురుగూ లేదు.

తెరుచుకుంది. పైన పేరు నాది కాదు.

పేరు, ఊరు, ఫోన్ నంబరు, గుంట నంబరు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసి 52 రోజులు. కింద ఎర్ర అక్షరాల్లో తెల్లమచ్చ వైరస్ పాజిటివ్. ఆ గుంట మా గట్టుకు అవతలిది. ఆయన్ని చిన్నప్పట్నుంచి బాబాయ్ అని పిలుస్తా. చుట్టరికం లేదు, ఊరి వరస. మా మూడో గుంటకీ ఆయన గుంటకీ మధ్య ఒక్క గట్టే, ఇద్దరం నీళ్లు తోడేది ఒకే కాలవలోంచి.

రొయ్యల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. తెల్లమచ్చకి మందు లేదు. రొయ్య చావడం మొదలైతే వారం పది రోజుల్లో గుంట ఖాళీ. నీళ్లతో అంటుకుంటుంది, పీతలతో అంటుకుంటుంది, కాకి ముక్కున కరుచుకొచ్చి పడేసిన రొయ్యతో కూడా అంటుకుంటుంది.

ఇక నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెప్తా. లింకు వెంటనే మూసేయలేదు. రెండుసార్లు చదివా. మోటారు ఆపించి కాలవ నీళ్లు బంద్ చేయించా. మధ్యాహ్నానికి నెల్లూరు నుంచి వల తెప్పించి గట్టు పొడుగునా పీతలు రాకుండా కట్టించా. సాయంత్రం బాబాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు ఎప్పట్లాగే విసురు వల అడగడానికొచ్చాడు. రొయ్య ఎంత పెరిగిందో చూడ్డానికి వాళ్లూ మా వలే వాడతారు. "చిరిగిపోయిందిరా, కుట్టించాలి" అన్నా. వల వాడి వెనకే షెడ్డు కొక్కేనికి వేలాడుతోంది. వాడు తిరిగి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనకుండా పోయాడు.

శనివారం బాబాయ్ గుంట పట్టేశాడు, రొయ్యలన్నీ తీసి అమ్మేశాడు. రొయ్య ఇంకా నూరు కౌంటు దగ్గరే ఉంది, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజు. రొయ్యలు కొనే ఏజెంటు మార్కెట్ రేటు మీద కిలోకు 35 రూపాయలు కోశాడు. టీ కొట్టు దగ్గర బాబాయ్ అన్న మాట నా చెవిలో ఇంకా తిరుగుతోంది: "రిపోర్టు నా ఫోన్‌కి వచ్చిన రోజే, చీకటి పడీ పడకముందే, వాడు ఫోన్ చేశాడయ్యా. గుంట ఎప్పుడు పడతావు అని. నేను ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పలా."

అప్పుడు నాకు వెలిగింది. నాకు ఒక్క అంకెతో దొరికింది ఏజెంట్లకు దొరకదా? రైతు గుంటలో ఏముందో రైతుతో పాటే వాళ్లకీ తెలిస్తే ఇక రేటు అడిగేదేముంది? ఆ రాత్రి కూర్చుని ఇంకో 11 నంబర్లు కొట్టా. ఇది పొరపాటు కాదు, తెలిసే చేశా. పదకొండూ తెరుచుకున్నాయి. ఎనిమిది పేర్లు నాకు తెలిసినవే. ముగ్గురికి పాజిటివ్. అందులో ఒకాయన మొన్న రైతుల మీటింగ్‌లో లేచి నా గుంటలు అద్దంలా ఉన్నాయని చెప్పినాయనే. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నా.

ల్యాబ్‌కి ఫోన్ చేశా. కౌంటర్‌లో అమ్మాయి "సార్‌తో చెప్తానండీ" అంది. మెయిల్ పెట్టా, జవాబు లేదు. వారం తర్వాత నేరుగా పోయా. ఓనరు నా మాట సగంలోనే ఆపి, "సాఫ్ట్‌వేర్ మద్రాసు వాళ్లది, నాకేం తెలుసు? అసలు నీకు పక్కోళ్ల రిపోర్టుతో ఏం పని? హ్యాక్ చేశావా? కేసు పెడతా" అన్నాడు. నేను బయటికొచ్చేటప్పుడు కూడా ఐదారుగురు రైతులు కవర్లు పట్టుకుని వరసలో ఉన్నారు.

ఇవాళ్టికి 26 రోజులు. లింకులు అలాగే ఉన్నాయి.

నా క్లాస్‌మేట్ ఒకడికి యూట్యూబ్ న్యూస్ చానల్ ఉంది. స్క్రీన్‌షాట్లు ఇస్తే రాత్రికే వేస్తానంటున్నాడు. లేదంటే 240 మంది రైతులున్న వాట్సాప్ గ్రూపులో నేనే పెడతా. పేర్లు లేకుండా పెడితే ల్యాబ్ వాడు అబద్ధం అంటాడు, పేర్లతో పెడితే రైతుల పరువు పోతుంది. నేను రూలు తప్పానని నాకు తెలుసు. ఆ తప్పుకి ఏదో ఒక మంచి జరగాలి కదా అని మాత్రం పీకుతోంది. మీరైతే ఏం చేస్తారు?

---

ఒంగోలు గిత్త:

ఇందులో అడిగేదేముంది అన్నా, పెట్టేయ్. మర్యాదగా చెప్తే ఈ దేశంలో ఎవడు విన్నాడు? 2018లో ట్రిబ్యూన్ పత్రిక విలేకరి 500 రూపాయలిచ్చి పది నిమిషాల్లో ఆధార్ వివరాలు చూసే లాగిన్ కొనేసింది. అది రాసినందుకు ఎఫ్ఐఆర్‌లో ఆమె పేరే పెట్టారు. 2010లో మన హైదరాబాద్ హరిప్రసాద్ ఓటింగ్ యంత్రాన్ని ఎలా మార్చొచ్చో ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి చూపిస్తే, లోపం సంగతి వదిలేసి ఆ యంత్రం నీకెవరిచ్చారు అని ముంబై పోలీసులొచ్చి పట్టుకుపోయారు. రూలు తప్పకపోతే ఆ రెండూ బయటికొచ్చేవా? 26 రోజులు ఆగావు, చాలు. ఏజెంట్లు ఈ రాత్రి కూడా చూస్తుంటారు.

---

రాత్రి డ్యూటీ:

హైదరాబాద్‌లో నేను చేసేది ఇదే పని. కంపెనీ డబ్బులిచ్చి, రాతపూర్వకంగా అనుమతిస్తే, వాళ్ల సిస్టమ్‌లోకి దూరి ఎక్కడెక్కడ ఓటిగా ఉందో చెప్తాం. మాది కందుకూరు. పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022లో మీ నెల్లూరు జిల్లాలో కలిపారు.

నువ్వు చూసినదాన్ని మేం ఐడార్ అంటాం. అడుగుతున్నవాడికి ఆ రిపోర్టు చూసే హక్కు ఉందా లేదా అని చూడకుండానే సర్వర్ తీసి ఇచ్చేస్తోంది. 43 బదులు ముప్పై అక్షరాల గజిబిజి పెడితే ఊహించడం కష్టమవుతుంది గానీ రోగం పోదు. లింకు ఒకరు ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కౌంటర్‌లో రాయించిన ఫోన్‌కి ఓటీపీ పోవాలి, అది కొడితేనే రిపోర్టు రావాలి. చేతిలో పని ఉన్న ప్రోగ్రామర్‌కి రెండు రోజుల పని. గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు లోపం చెప్పాక 90 రోజులు గడువిస్తారని అందరూ అంటుంటారు. అది కోట్ల ఫోన్లకి అప్‌డేట్ పోవాల్సిన సాఫ్ట్‌వేర్ లెక్క. ఒక ఊరి ల్యాబ్‌కి 26 రోజులు ఎక్కువే. అక్కడ నీ కోపం న్యాయమే.

ఇప్పుడు నీ సంగతి. 43 పొరపాటు, ఒప్పుకుంటా. ఆ పదకొండూ దేనికి? నువ్వు టెస్టర్‌వి. లోపం ఉందని తేలడానికి ఒకటి చాలని నీకు నేను చెప్పాలా? అసలు ఆ ఒకటి కూడా పరాయివాడిది కానక్కర్లేదు. 2016లో ఆనంద్ ప్రకాశ్ అని బెంగళూరు కుర్రాడు ఫేస్‌బుక్‌లో ఒకటి పట్టాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఫోన్‌కి వచ్చే 6 అంకెల కోడ్‌ని వాళ్ల బీటా సైట్‌లో ఎన్నిసార్లయినా కొట్టి చూడొచ్చు, అడ్డు లేదు. లోకంలో ఎవరి ఖాతా అయినా తెరవగలిగేవాడు. పరీక్షకి తెరిచింది మాత్రం సొంత ఖాతానే. 15,000 డాలర్లు బహుమతి ఇచ్చారు.

దానికి మూడేళ్ల ముందు, 2013లో, పాలస్తీనా కుర్రాడు ఖలీల్ ష్రేతే ఎవరి వాల్ మీదైనా రాయొచ్చని కనుక్కుని అదే కంపెనీకి చెప్పాడు. ఇది లోపమే కాదన్నారు. కడుపు మండి ఏకంగా జుకర్‌బర్గ్ వాల్ మీదే రాశాడు. అప్పుడు బాగుచేశారు. రూలు తప్పావని పైసా ఇవ్వలేదు. తర్వాత బయటివాళ్లు చందాలేసి పదివేల డాలర్ల పైనే పోగుచేసి ఇచ్చారు. అతని మీద నాకు సానుభూతి ఉంది. తప్పాడు, కానీ ఆ తప్పు తగిలింది వినని కంపెనీ యజమానికి. ఎవరో సంబంధంలేని మనిషి బజారున పడలేదు. గిత్త అన్నా, నువ్వు చెప్పిన హరిప్రసాద్ కూడా అంతే, విప్పింది యంత్రాన్ని. ఈయన దగ్గరున్నవి మనుషుల పేర్లు.

అచ్చం నీలాంటి కేసు కావాలంటే 2010లో అమెరికాలో జరిగింది. ఏటీ అండ్ టీ సైట్లో ఐప్యాడ్ సిమ్ నంబరు మారుస్తూ పోతే ఆ సిమ్ వాడేవాళ్ల ఈమెయిల్ వచ్చేది. ఇద్దరు కుర్రాళ్లు ప్రోగ్రామ్ రాసి 1,14,000 లాగి ఒక వెబ్ పత్రిక చేతిలో పెట్టారు. ఒకతనికి 41 నెలల జైలు పడింది. 2014లో అప్పీలు కోర్టు ఆ శిక్ష కొట్టేసింది, కానీ చేసింది ఒప్పని కాదు, కేసు నడపాల్సిన చోట నడపలేదని. తాళం లేదు కదా, అంకె మార్చానంతే కదా అన్న వాదన అక్కడ వాళ్లూ చేశారు.

యూట్యూబ్ వద్దు. సెర్ట్-ఇన్ అని కేంద్ర ఐటీ శాఖ కింద ఒక సంస్థ ఉంది, ఇలాంటి లోపాలు చెబితే తీసుకుని అవతలివాళ్లతో మాట్లాడుతుంది. దానికి రాయి, నీ సొంత రిపోర్టుల లింకులే సాక్ష్యంగా పెట్టి. ఆ పరాయి స్క్రీన్‌షాట్లు ఫోన్లోంచి తీసేయ్.

---

పులుసు ముక్క:

మీటింగ్‌లో అద్దంలా ఉన్నాయన్నాయన ఎవరో నాకు తెలిసిపోయింది. చెప్పన్లే.

---

మైపాడు రోడ్డు:

@పులుసు ముక్క అందుకే భయం. నేను పేరు రాయకముందే నీకు తెలిసిపోయింది. దయచేసి ఇక్కడ ఊహించొద్దు.

@రాత్రి డ్యూటీ పదకొండు ఎందుకంటే, ఒక్కటి చూపిస్తే "ఏదో పొరపాటున వచ్చుంటుంది" అంటారని. బెంగళూరులో డెవలపర్లు అలాగే అనేవాళ్లు. పది కేసులు చూపిస్తే తప్ప బగ్ ఒప్పుకునేవాళ్లు కాదు, ఆ అలవాటు. కానీ అక్కడ టెస్ట్ డేటా. పేర్లన్నీ ఏబీసీ, ఎక్స్‌వైజెడ్. ఆ తేడా రాత్రి గుర్తుకు రాలేదు.

---

టీపీ గూడూరు:

అందరూ పరువు, పేరు అంటున్నారు. నాకో సంగతి చెప్పండి. గుంటలో తెల్లమచ్చ ఉందన్నది అసలు రహస్యం ఎట్టా అవుతుంది? షుగర్ రిపోర్టు వేరు, అది పక్కింటోడికి అంటుకోదు. ఇది కాలవ నీళ్లలో నా గుంటకొచ్చే జబ్బు. నాలుగెకరాలకు మేత, కరెంటు, సీడ్ అంతా అప్పే. పక్కనోడు చెప్పకుండా గుంట పట్టేసి, ఆ నీళ్లు బ్లీచింగ్ కొట్టకుండా కాలవలోకి వదిలేస్తే మునిగేది నేను. నన్నడిగితే పాజిటివ్ వచ్చిన రోజే కాలవ మీద ఉన్నోళ్లందరికీ ల్యాబ్ వాడే చెప్పాలి. మైపాడు రోడ్డు చేసింది తప్పంటే నేనొప్పుకోను. ఆ 43 చూడకపోతే ఆయన మూడో గుంట ఇవాళ ఉండేదా?

---

అల్లూరు రైతు:

వయసు అరవై దాటింది, ఫోన్లో టైపు చేయడం కష్టం, మనవడు కొడుతున్నాడు.

94, 95లో టైగర్ రొయ్యకి వైరస్ వచ్చినప్పుడు మా తీరం సగం మునిగింది. పట్టా కాగితాలు తాకట్టుపెట్టినోళ్లు, ఊరొదిలి పోయినోళ్లు, అన్నీ చూశా. అప్పట్లో ల్యాబులు లేవు. పక్క గుంట మీద కాకులు మూగితే అదే రిపోర్టు. కాబట్టి టీపీ గూడూరు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. పక్కోడికి చెప్పాలి. నేను చెప్పాలి, నా నోటితో. నా పేరు ఫోన్ నంబరుతో సహా ఎవడి ఫోన్లోనో ఎర్ర అక్షరాల్లో కనబడ్డం అది వేరు. పాజిటివ్ అని ఒకసారి పేరు బయటికొస్తే తర్వాత మూడు పంటలు నెగిటివ్ వచ్చినా ఏజెంటు అదే పాట పాడి రేటు కోస్తాడు. సీడ్ కంపెనీ వాడు అరువు ఇవ్వడు. గుంట లీజుకిచ్చినోడు ఖాళీ చేయమంటాడు.

ఆ ల్యాబ్ నేను పోయేదే అయితే నీ పన్నెండులో నాది ఉండొచ్చు. ల్యాబోడు వినట్లేదని నీకూ వాడికీ తగువు. మధ్యలో నా కాగితం ఎత్తి చూపించడానికి నువ్వెవరివి నాయనా? నన్ను అడిగావా?

ఇంకోటి. నువ్వు మోటారు ఆపిందీ గట్టుకు వల కట్టిందీ మంగళవారం పగలు. మీ బాబాయ్‌కి ఏజెంటు ఫోన్ చేసింది మంగళవారం చీకటి పడే వేళ. ఒకసారి ఆలోచించు.

---

నల్లకోటు, కావలి:

వృత్తి వకీలు. ఇది సలహాగా కాక, తెలిసిన నలుగురితో మాట్లాడినట్టుగా తీసుకోండి.

ఐటీ చట్టం, 2000. సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి పోవడం, అందులోని సమాచారం తీసుకోవడం తప్పే. దానికి నష్టపరిహారం. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే సెక్షన్ 66, మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీ కేసులో గొడవంతా ఆ దురుద్దేశం అన్న మాట దగ్గరే. 43వ నంబరు తెరిచిన మనిషికి అది లేదని నేను కోర్టులో గట్టిగా చెప్పగలను. పదకొండు దగ్గర గొంతు కొంచెం తగ్గుతుంది. స్క్రీన్‌షాట్లు చానల్‌కి ఇచ్చాక, పైగా మీ గుంట కాపాడుకున్నారు కూడా అని అవతలి వకీలు లేచి అంటే, అప్పుడు ఏం చెప్పాలో నాకూ తోచదు.

మంచి ఉద్దేశంతో లోపం వెతికినవాళ్లని వదిలేయాలని మన చట్టంలో ప్రత్యేకంగా ఒక్క వాక్యం లేదు. అమెరికాలో 2022లో వాళ్ల న్యాయశాఖ, మంచి మనసుతో చేసిన పరిశోధన మీద కేసులు పెట్టొద్దని ప్రాసిక్యూటర్లకు చెప్పింది. నెదర్లాండ్స్‌లో 2013 నుంచే మార్గదర్శకాలున్నాయి. ఇక్కడ ఉండాలని నా కోరిక. లేనిదాన్ని ఉందనుకుని దూకకండి.

ల్యాబ్ వాళ్లేమీ పత్తిత్తులు కారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పేరూ ఫోన్ నంబరూ తీసుకున్నవాడు వాటిని తగినంత జాగ్రత్తగా కాపాడాలి. కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు. ఆ సెక్షన్లు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఊరి ల్యాబ్‌కి అంత వేస్తారని కాదు. ఒక రిజిస్టర్డ్ ఉత్తరంలో ఆ మాట రాస్తే చదివేవాడి తీరు మారుతుంది. ఆ ఉత్తరం ఎవరి పేరు మీద పోతుందన్నది ముఖ్యం. రిపోర్టు బయటపడిన మనిషి రాస్తే ఆయన బాధితుడు. మీరు రాస్తే ముందు మీరెలా చూశారన్న ప్రశ్న వస్తుంది.

రాత్రి డ్యూటీ గారు స్క్రీన్‌షాట్లు తీసేయమన్నారు. నేను ఒప్పుకోను. అవతలివాడు కేసు పెడతానన్నాక తీసేస్తే ఏదో దాచారంటారు. ఎవరికీ పంపకండి, చూడకండి, ఏ తేదీన ఎన్ని గంటలకు ఏం తెరిచారో చేత్తో రాసి పెట్టుకోండి.

---

రాత్రి డ్యూటీ:

వకీలు గారి మాటే వినండి. నేను కంప్యూటర్ వైపు నుంచి చెప్పా, కోర్టు వైపు ఆలోచించలా.

---

ఒంగోలు గిత్త:

అల్లూరు పెద్దాయన మాటతో నా నోరు పడిపోయింది. యూట్యూబ్ సంగతి వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ ఓనరు మాత్రం ఊరికే వదలాల్సినోడు కాదు.

---

మైపాడు రోడ్డు:

పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నా. చానల్‌కి ఇవ్వలేదు.

అల్లూరు పెద్దాయన అడిగిన ప్రశ్న ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు. తెల్లారి బాబాయ్ ఇంటికి పోయా. వరండాలో ఆయన ఏరియేటర్ మోటారు విప్పుకుని బేరింగులు తుడుస్తున్నాడు. నిలబడే చెప్పేశా. లింకు, 43, మోటారు ఆపడం, వల చిరిగిందని ఆ కుర్రాడితో చెప్పిన అబద్ధం, ఆ తర్వాత పదకొండు, అన్నీ.

చాలాసేపు బేరింగే తుడిచాడు. తర్వాత, "నీకు మంగళవారం తెల్లారికే తెలుసు" అన్నాడు. అవునన్నా. "నేను లింకు నొక్కింది మధ్యాహ్నం రెండింటికి. నా గుంట సంగతి నాకన్నా ముందు నీకు తెలుసు."

దీని మీద నాకు నోటమాట రాలేదు. ఆయనే మళ్లీ అన్నాడు. "ఏజెంటు లింకులు చూస్తాడని నువ్వనుకుంటున్నావు. వాడికి ఫోన్లో రేటు చూసుకోవడమే సరిగ్గా రాదు. మంగళవారం పగలు వాడు బండి మీద కాలవ గట్టున పోయాడు. మంచి పంట మీదున్న నువ్వు మోటారు ఆపి, నా వైపు గట్టుకే వల కడుతున్నావు. ఇంకో మూడు వైపులా కట్టలా. ఇంక వాడికి ల్యాబ్ దేనికి?"

అది నిజమో కాదో నాకు తెలియదు. ఏజెంటుని అడిగితే నవ్వాడు. ఆ 35 రూపాయల కోతలో నా వాటా ఎంతో లెక్కేసే దారి లేదు. టీపీ గూడూరు అన్నట్టు బాబాయ్ నాకు ముందే చెప్పి ఉండాల్సింది, ఆ మాట కూడా అన్నా. "చెప్దామనే అనుకున్నా, నీళ్లు వదలకముందు. బ్లీచింగ్ కొట్టే వదిలా, కావాలంటే బస్తాలు చూడు" అని పెరటి వైపు చేయి చూపించాడు. ఖాళీ బస్తాలు ఉన్నాయి. నేను లెక్కపెట్టలేదు.

మర్నాడు ఇద్దరం ల్యాబ్‌కి పోయాం. ఈసారి నేను నోరు విప్పలేదు. బాబాయ్ కౌంటర్ ముందు నిలబడి ఓనరుని బయటికి పిలిచి, "ఇది నా రిపోర్టు. నా అనుమతితో ఈ అబ్బాయి ఫోన్లో తెరుస్తాడు, చూడు" అన్నాడు. తెరిచా. ఎర్ర అక్షరాలు కౌంటర్ మీద. వెనక వరసలో ఉన్న రైతులు మెడలు చాచారు, బాబాయ్ ఫోన్‌కి చేయి అడ్డం పెట్టలేదు. వకీలు గారు చెప్పిన ఉత్తరం ఆయన సంతకంతోనే రాసి తీసుకుపోయాం, 250 కోట్ల మాట రెండో పేరాలో ఉంది. పోస్టులో పంపకుండా చేతికే ఇచ్చాం. ఓనరు నన్ను తిట్టిన నోటితోనే కాఫీ తెప్పించి, మా ముందే మద్రాసుకి ఫోన్ చేశాడు. ఆ రాత్రి పేజీ ఆగిపోయింది. తొమ్మిది రోజుల తర్వాత ఓటీపీతో తిరిగొచ్చింది. ఈ మధ్యలో కాగితాలే ఇచ్చారు, అందరూ సుఖంగానే ఉన్నారు.

పూర్తిగా అయిపోలేదు. పోయినేడు నా రిపోర్టు లింకులు రెండు ఫోన్లో ఉన్నాయి, వాటిని నొక్కితే ఇప్పటికీ ఓటీపీ లేకుండానే తెరుచుకుంటున్నాయి. పాత సంవత్సరానివి మద్రాసు వాళ్లు మర్చిపోయినట్టున్నారు. ఈసారి చివరి అంకె జోలికి పోలేదు. నా రెండు లింకులే పెట్టి ల్యాబ్‌కి రాశా, కాపీ సెర్ట్-ఇన్‌కి పంపా. వాట్సాప్ గ్రూపులో ఎవరి పేరూ లేకుండా, "పోయినేడు ఆ ల్యాబ్‌లో పరీక్షలు చేయించుకున్నవాళ్లు మీ పాత లింకు నొక్కి చూడండి, తెరుచుకుంటే తీసేయమని అడగండి" అని పెట్టా. పదిహేడు మంది అడిగారట, కౌంటర్ అమ్మాయే చెప్పింది, కొంచెం చిరాగ్గా.

మిగిలిన పదకొండు మందిలో నాకు తెలిసిన ఎనిమిది మందికి చెప్పాలి. నలుగురికి చెప్పా. ఇద్దరు నవ్వేశారు, ఒకాయన వారం నుంచి మాట్లాడ్డం లేదు, ఒకాయన తన పక్కోడి రిపోర్టు కూడా చూపించమన్నాడు. అద్దంలా ఉన్నాయన్నాయన దగ్గరికి రేపు పోవాలి.